కొన్నవాడి పేరు లోపాఖిన్

పోయిన దసరాకి రెండు రోజుల ముందు ఆఫీసులో ఉండగా కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "అన్నగారూ, బాగున్నారా అండి?" అంటూ పేరు చెప్పాడు. పేరు వింటే గుర్తు రాలేదు. "మా అమ్మ మీ మామ్మగారింట్లో పనిచేసేదండి" అన్నాక గుర్తొచ్చాడు. చిన్నప్పుడు మా పెరట్లో పనస చెట్టు కింద వాళ్ళమ్మ గిన్నెలు తోముతుంటే పక్కన కూర్చునేవాడు. తర్వాత వాళ్ళమ్మ కువైట్ వెళ్ళింది, వీడు చదువుకున్నాడు, ఇప్పుడు భీమవరంలో ఏదో వ్యాపారం. ఊళ్ళో మా ఇల్లు అమ్మే ఉద్దేశం ఉందా అని అడిగాడు. అలవాటుగా లేదన్నాను. ఎప్పుడైనా ఉంటే ముందు తనకే చెప్పమని, ఒక అంకె చెప్పాడు. మా వీధిలో నడుస్తున్న ధరకన్నా అది బాగా ఎక్కువ.

సాయంత్రం నాన్నకి చెప్పాను. రేటెంత అని నాన్న అడగలేదు. "వాడికా?" అన్నారు. అంతే, తర్వాత వేరే విషయాలు మాట్లాడుకున్నాం.

ఆ రాత్రి చెహోవ్ నాటకం 'చెర్రీ తోట' మళ్ళీ తీశాను. నాకు రష్యన్ రాదు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో హాస్టల్లో, కాన్‌స్టన్స్ గార్నెట్ ఇంగ్లిషు అనువాదంలో చదివాను. అప్పుడు రానెవ్‌స్కయా కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. పూలు పూసిన తోట, చిన్ననాటి గది, నదిలో మునిగి చనిపోయిన ఏడేళ్ళ కొడుకు, అన్నీ వదిలి ఆవిడ వెళ్ళిపోవడం! మా మామ్మగారి మండువా లోగిలి గుర్తొచ్చింది. లోపాఖిన్ అనే వ్యాపారి వచ్చి చెట్లు నరికించేశాడు, దుర్మార్గుడు. పదిహేనేళ్ళ కిందట నాకు అర్థమైన నాటకం ఇంతే.

ఈసారి చదువుతుంటే వేరే నాటకం కనబడింది. తోట పోవడం దీని కథ కాదు. ఎవరో ఒక మాట అడిగితే, దానికి జవాబు చెప్పకుండా ఉండిపోవడం దీని కథ. అడిగినవాడు ఎవడు అన్నదే ఆ జవాబు రాకపోవడానికి కారణం.

ముందు లెక్కలు చూద్దాం, నా ఉద్యోగం అలాంటిది. నాటకం మే నెలలో మొదలవుతుంది. అప్పుల్లో మునిగిన ఎస్టేటు ఆగస్టు 22న వేలానికి వస్తుంది. అంటే మూడు నెలల గడువుంది. మొదటి అంకంలోనే లోపాఖిన్ ఉపాయం చెబుతాడు: రైలు మార్గం దగ్గరికొచ్చింది, పట్నం వాళ్ళకి వేసవి విడిది ఇళ్ళ పిచ్చి పట్టింది, పాత కట్టడాలు పడగొట్టి, తోట కొట్టించి, నేలని ముక్కలు చేసి అద్దెకివ్వండి, దెస్యతీనకి ఏడాదికి 25 రూబుళ్ళు తక్కువలో తక్కువ వస్తుంది, మొత్తం మీద ఏడాదికి 25 వేలు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే కనీసం వెయ్యి దెస్యతీనలు తేలుతుంది. మన లెక్కలో దాదాపు రెండు వేల ఏడొందల ఎకరాలు! (మా ఇంటి స్థలం ముప్పై సెంట్లు. ఈ పోలిక ఎంతవరకు పనికొస్తుందో పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.) పైగా కావలసిన 50 వేల రూబుళ్ళు తానే అప్పు ఇప్పిస్తానంటాడు. దీన్నే మనం ఇప్పుడు వెంచర్ అంటున్నాం. హైదరాబాదు చుట్టూ ప్లాట్ల హోర్డింగులు చూసి పెరిగినవాళ్ళకి లోపాఖిన్ మాటలకి పాదసూచికలు అక్కర్లేదు.

ఇక్కడ సులువుగా మరిచిపోయే సంగతి ఒకటుంది. లోపాఖిన్ మొదట కొంటానని రాలేదు. ఆస్తి వాళ్ళ దగ్గరే ఉండేట్టు చూద్దామని వచ్చాడు. తనకి పదిహేనేళ్ళప్పుడు తండ్రి మొహం మీద గుద్దితే ముక్కు వెంట రక్తం కారుతుంటే, రానెవ్‌స్కయా లోపలికి తీసుకెళ్ళి మొహం కడిగి ఓదార్చింది. ఆ ఋణం అతనికి గుర్తుంది. ఆమెని సొంత మనిషికంటే ఎక్కువగా ప్రేమిస్తున్నానని చెప్పుకుంటాడు కూడా.

మరి వాళ్ళేం చేశారు? రెండో అంకంలో లోపాఖిన్ బతిమాలతాడు. అవునో కాదో ఒక్క ముక్క చెప్పమంటాడు. దానికి రానెవ్‌స్కయా, ఇక్కడెవరో చెత్త చుట్టలు కాలుస్తున్నారే అంటుంది. విడిది ఇళ్ళూ, అక్కడికొచ్చే జనమూ నాసిరకం వ్యవహారమని తేల్చేస్తుంది. అన్న గాయెవ్ దానికి వంతపాడతాడు. అంటే 'వద్దు' అని కూడా చెప్పరు. వద్దంటే ఇంకో దారి వెతకాలి కదా! మా ఆఫీసులో ఇలాంటి టికెట్లు కొన్ని ఉంటాయి. ఎవరూ మూసెయ్యరు, ఎవరూ పని మొదలుపెట్టరు, ప్రతి సోమవారం మీటింగులో ఒకసారి చదివి పక్కన పెడతారు. చివరికి ఏదో ఒక రాత్రి సర్వరు పడిపోతుంది.

గాయెవ్ గురించి ఒక మాట. ఇంట్లో నూరేళ్ళనాటి పుస్తకాల బీరువా ఒకటుంది. మొదటి అంకంలో ఆయన దానికి ఎదురుగా నిలబడి సన్మానసభలో లాగా ఉపన్యాసమిస్తాడు. అందరూ ఇబ్బంది పడతారు. ఇంజనీరింగులో చదివినప్పుడు ఇది నాకు సరదాగా అనిపించింది. ఈసారి నవ్వలేకపోయాను. మూడేళ్ళ కిందట మా మామ్మగారి భోషాణం గురించి ఫేస్‌బుక్‌లో నేనొక పెద్ద పోస్టు రాశాను. దాంట్లో దాచిన ఆవకాయ జాడీల వాసన దగ్గర్నుంచి ఇత్తడి గొళ్ళెం చప్పుడు దాకా. బోలెడు లైకులొచ్చాయి. ఆ భోషాణానికి అప్పటికే చెదలు పట్టిందని ఆ తర్వాతి సంక్రాంతికి వెళ్ళినప్పుడు తెలిసింది.

ఇంటి మీద ప్రేమని ఎలా కొలవాలి? లెక్కేసి చూసుకున్నాను. పదో తరగతి వరకు ప్రతి వేసవీ నెలన్నర, ఆ తర్వాత సంక్రాంతికి మూడు రోజులు, మామ్మ పోయాక అదీ లేదు, రెండేళ్ళకోసారి తాళం తీసి, దుమ్ము దులిపించి, ఫొటోలు తీసుకుని రావడం. మొత్తం కలిపితే రెండేళ్ళు కూడా తేలలేదు. ఫోన్ చేసినతని తల్లి కువైట్ వెళ్ళే ముందు పద్నాలుగేళ్ళు రోజుకి రెండు పూటలా ఆ ఇంటికి వచ్చింది. అయితే ఎప్పుడూ పెరటి గుమ్మం వైపు నుంచే. నా జ్ఞాపకాల్లో ఆ ఇల్లు వీధి అరుగుతో మొదలవుతుంది. వాళ్ళ జ్ఞాపకాల్లో నూతి గట్టుతో మొదలవుతుంది. ఒకే ఇంటికి రెండు ప్లాన్లు.

చెహోవ్‌కి ఈ రెండో ప్లాను తెలుసు. ఎందుకంటే ఆయనది అటువైపు కుటుంబమే. వాళ్ళ తాత యెగోర్ అర్ధబానిస. 1841లో డబ్బు కట్టి కుటుంబాన్ని విడిపించుకున్నాడు. అంటే 1861లో రష్యాలో అర్ధబానిసత్వం రద్దు కావడానికి ఇరవై ఏళ్ళ ముందు. తండ్రి టాగన్‌రోగ్‌లో కొట్టు పెట్టి దివాలా తీసి, 1876లో అప్పులవాళ్ళకి దొరక్కుండా మాస్కో పారిపోయాడు. ఇల్లు కాపాడతానని తల్లికి మాటిచ్చిన సెలివానోవ్ అనే మనిషి, అప్పటిదాకా వాళ్ళింట్లోనే అద్దెకుండి ఇంట్లో మనిషిలా మెలిగినవాడు, చివరికి ఇల్లు తనే కొనేసుకున్నాడు. పదహారేళ్ళ అంతోన్ టాగన్‌రోగ్‌లోనే ఉండిపోయాడు. ఒకప్పుడు తమదైన ఆ ఇంట్లోనే, కొన్నవాడి బంధువుల పిల్లాడికి పాఠాలు చెబుతూ చదువు ముగించాడు. తర్వాత డాక్టరై, రచయితై, 1892లో మెలిహోవో అనే ఎస్టేటు కొన్నాడు. అంటే భూస్వామి స్థలంలోకి అర్ధబానిస మనవడు వెళ్ళాడు. 1899లో జబ్బు వల్ల దాన్ని అమ్మేసి యాల్టాకి మారాడు. ఇల్లు పోగొట్టుకున్నవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, ముగ్గురూ ఆయనే.

సెలివానోవ్ దెబ్బ తగిలినవాడు ఎలాంటి లోపాఖిన్‌ని రాసి ఉండొచ్చు? తియ్యగా మాట్లాడి ఇల్లు కాజేసిన విలన్‌ని రాస్తే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. ఆయన అలా రాయలేదు. లోపాఖిన్ వ్యాపారే కానీ అన్ని విధాలా మర్యాదస్తుడని నాటకం వేసేవాళ్ళకి ఉత్తరాల్లో ప్రత్యేకంగా చెప్పాడు. ఆ పాత్ర స్తానిస్లావ్‌స్కీయే వెయ్యాలని కోరుకున్నాడు. ఆయనేమో గాయెవ్ వేషం తీసుకున్నాడు. నాకిది చిన్న విషయంగా కనబడటం లేదు. గొప్ప నటులందరికీ, నాలాంటి పాఠకులకీ, పోగొట్టుకునేవాళ్ళ వేషమే ఇష్టం.

మూడో అంకం చూడండి. వేలం రోజే ఇంట్లో డాన్సులు పెట్టుకున్నారు. యారొస్లావ్ల్‌లో ఉన్న ధనవంతురాలైన బంధువు పంపిన 15 వేలు వడ్డీకి కూడా చాలవని తెలిసీ గాయెవ్ వేలానికి వెళ్ళాడు. అక్కడ దెరిగానోవ్ అనే డబ్బున్న ఆసామి మొదటి పాటే తాకట్టు బాకీ మీద 30 వేలన్నాడు. అతను అయిదేసి వేలు పెంచుతుంటే లోపాఖిన్ పదేసి వేలు పెంచుకుంటూ పోయి 90 వేలకి కొట్టేశాడు. తిరిగొచ్చాక ఎవరు కొన్నారని రానెవ్‌స్కయా అడుగుతుంది. నేనే అని లోపాఖిన్ చెబుతాడు. ఆవిడ కుర్చీ పట్టుకుని నిలదొక్కుకుంటుంది. పెంపుడు కూతురు వార్యా నడుముకున్న తాళాలగుత్తి నేలకేసి కొట్టి వెళ్ళిపోతుంది. అక్కడ ఎవరూ అనని మాట నాకు మా నాన్న గొంతులో వినబడింది.

లోపాఖిన్ అప్పుడు తన తండ్రినీ తాతనీ తలుచుకుంటాడు. వాళ్ళని వంటింట్లోకి కూడా రానివ్వని ఇల్లు ఇవాళ తను కొన్నాడు. నవ్వుతాడు, నేల అదిరేట్టు అడుగులేస్తాడు. వెంటనే ఏడుస్తూ రానెవ్‌స్కయాని నిలదీస్తాడు, నా మాట ఎందుకు వినలేదని. గెలిచినవాడికి గెలుపు ఒక్క నిమిషం కూడా నిలవదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి చూపించడం వల్లే ఈ నాటకం ఇంకా బతికుంది అనుకుంటాను.

పోలికకి సత్యజిత్ రాయ్ 'జల్సాఘర్' (1958) తీసుకోండి. తారాశంకర్ బందోపాధ్యాయ కథ. చితికిపోయిన జమీందారు బిశ్వంభర్ రాయ్, పక్కన కొత్తగా డబ్బు చేసిన వడ్డీ వ్యాపారి కొడుకు మహిమ్ గంగూలీ. నాకు చాలా ఇష్టమైన సినిమా. కానీ అందులో కొత్తవాడు కాస్త వెకిలిగా ఉంటాడు. సంగీతం దగ్గర ఎలా మెలగాలో తెలియని మొరటు మనిషి. చివరి డబ్బంతా కచేరీకి తగలేసిన జమీందారు మూర్ఖుడని తెలుస్తూనే, మన చూపు ఆ పెద్దాయన గుర్రం వెనకాలే పోతుంది. పాతవాళ్ళకి అభిరుచి, కొత్తవాళ్ళకి డబ్బు అనే వాటాల పంపకాన్ని రాయ్ కొంతవరకు ఒప్పుకున్నాడు. చెహోవ్ ఒప్పుకోలేదు. తను వేసిన గసగసాల చేను పూతకొచ్చినప్పుడు ఎంత అందంగా ఉందో చెప్పేది లోపాఖినే. దానిమీద వచ్చిన లాభం 40 వేలని చెప్పేదీ అతనే.

మన దగ్గర కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' (1964) గుర్తొస్తుంది. అక్కడ అమ్మకం మాట ఎత్తేది ఊరి పెద్దలు, భూమి అమ్మి అప్పు తీర్చవలసింది అప్పల్రాముడు. అతను పోగొట్టుకునేది జ్ఞాపకాల తోట కాదు, ఇంకొకడికి కూలి కాకుండా బతికే వీలు. అందుకే కొడుకు సీతారాముడు తన బిడ్డని తనే నరికేసే దాకా వెళుతుంది కథ. రానెవ్‌స్కయా భూమి పోయాక ఆ 15 వేలు తీసుకుని పారిస్ వెళుతుంది. 'అమ్మేశాం' అనే ఒకే క్రియ ఒకరికి వియోగం, ఇంకొకరికి బానిసత్వం. పెద్దింటి పెంకుల మీద కారే వాన గురించి మనం రాసుకునే కథల్లో ఈ తేడా సాధారణంగా కనబడదు. ఆ కథల్లో ఇల్లు కొన్నవాడికి పేరుండదు, 'ఎవరో కొనుక్కున్నారు' అని ఒక్క వాక్యంలో పోతాడు. నేను రాసుకున్న ఒకటి రెండు కథల్లో కూడా అంతే.

అనువాదం గురించి కూడా చెప్పాలి. ఈ నాటకాన్ని తెలుగు చెయ్యాలని కూర్చుంటే మొదటి పేజీలోనే ఒక చిక్కొస్తుంది. గాయెవ్ లోపాఖిన్‌ని ఏమనాలి? ఇంగ్లిషులో 'హీ' అంటే సరిపోయింది. తెలుగులో వాడు, అతను, ఆయన, మూడింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. లోపాఖిన్ లేనప్పుడు 'వాడు', ఎదురుగా ఉన్నప్పుడు 'నువ్వు', 50 వేల అప్పు మాట వచ్చినప్పుడు 'అతను', వేలం అయ్యాక...? ఆ ఖాళీలో ఏం పెట్టాలన్నదే నాటకమంతా. ఈ వ్యాసం మొదటి పేరాలో నేను "వీడు చదువుకున్నాడు" అని రాశాను. రెండోసారి చదువుకున్నప్పుడు గమనించాను. దిద్దకుండా అలాగే ఉంచాను.

తోట గురించి స్తానిస్లావ్‌స్కీ తన ఆత్మకథలో ఒక ముచ్చట చెబుతాడు. నాటకం పేరులో 'చెర్రీ' అనే మాటని చెహోవ్ ముందు ఒకలా పలికి, తర్వాత ఒత్తు మార్చి ఇంకోలా పలికి మురిసిపోయాడట. మొదటిది ఆదాయం వచ్చే తోట, రెండోది ఆదాయమేమీ లేకుండా ఉత్త పూల అందం కోసం ఉన్న తోట అని స్తానిస్లావ్‌స్కీ వ్యాఖ్యానం. దీని పక్కన ముసలి నౌకరు ఫిర్స్ మాటలు పెట్టి చూడాలి. నలభై యాభై ఏళ్ళ కిందట చెర్రీలు ఎండబెట్టి బళ్ళమీద మాస్కోకీ హార్కోవ్‌కీ పంపేవారట. బాగా డబ్బొచ్చేది. ఇప్పుడెందుకు చెయ్యరు? ఆ ఎండబెట్టే పద్ధతి మరిచిపోయారు. నలభై యాభై ఏళ్ళు వెనక్కి లెక్కేస్తే సరిగ్గా అర్ధబానిసత్వం రద్దయిన కాలం దగ్గరికి వెళతాం. నాకు అర్థమైనది ఇది: ఆ పద్ధతి దొరలకెప్పుడూ తెలియదు. తెలిసినవాళ్ళ చేతులు వెళ్ళిపోయాయి. ఆ తర్వాతే తోట 'అందం' అయింది. మామ్మ పనస పొట్టు కూర గురించి మా ఇంట్లో అందరం గొప్పగా చెప్పుకుంటాం. పనసకాయ కొట్టి, చేతులకి నూనె రాసుకుని, జిగురు తీసి, పొట్టు చేసి ఇచ్చింది ఎవరో నాకు మొన్న ఫోన్ వచ్చాకే గుర్తొచ్చింది.

ఇక ఫిర్స్. అతనికి 87 ఏళ్ళు. నాలుగో అంకంలో అందరూ వెళ్ళిపోతారు, అతన్ని ఆసుపత్రికి పంపారో లేదో సరిగ్గా చూడకుండానే తాళాలు వేసేస్తారు. మూసిన ఇంట్లో అతనొక్కడే మిగులుతాడు, బయట గొడ్డలి చప్పుడు. ఆ ఇంట్లో జీవితమంతా గడిపినవాడు అతనే, ఇల్లు ఎవరిదన్న చర్చలో అతని పేరు ఎక్కడా లేదు. లోపాఖిన్ కూడా అతని గురించి అడగడు. చెహోవ్ కొన్నవాడిని కూడా వదిలిపెట్టలేదని నేను నమ్మడానికి ఇదే ఆధారం.

నాటకంతో నాకు పేచీ లేదా అంటే ఒకటుంది. తిండీ నిద్రా సరిగా లేని పనివాళ్ళ గురించి, తోటలో ప్రతి ఆకులోంచీ చూస్తున్న అర్ధబానిసల కళ్ళ గురించి మాట్లాడే అవకాశం విద్యార్థి త్రొఫీమోవ్‌కి ఇచ్చాడు చెహోవ్. అతను చక్కగా మాట్లాడతాడు, పని మాత్రం చెయ్యడు. దాంతో ఆ మాటలు కూడా సగం వేళాకోళంగా వినబడే ప్రమాదం ఉంది. అవే మాటలు లోపాఖిన్ నోట్లోనో, ఫిర్స్ నోట్లోనో ఉంటే ఎలా ఉండేదో? ఫిర్స్‌కి మాత్రం బానిసత్వం పోవడమే ఒక ఉపద్రవంగా గుర్తుంది. నిజం చెప్పేవాడు ఆ బాధ పడనివాడు, బాధ పడ్డవాడు దాన్ని తలుచుకుని మురిసిపోయేవాడు. ఇది చెహోవ్ లోపమో, లోకం ఉన్న తీరో నేను తేల్చుకోలేకపోతున్నాను.

వారం కిందట అతనికి నేనే ఫోన్ చేశాను. నాన్న ఇంకా ఒప్పుకోలేదని, నేను మాట్లాడుతున్నానని, సంక్రాంతి లోపల అవునో కాదో కచ్చితంగా చెబుతానని అన్నాను. "తొందరేం లేదండి" అన్నాడు. కొని ఏం చేస్తావని అడగాలనిపించింది. పనస చెట్టు ఉంచుతావా, మండువా పడగొట్టి శ్లాబు వేస్తావా అని. అడగలేదు. అడిగే హక్కు దస్తావేజులో రాయించుకునేది కాదు. పెట్టేసే ముందు అతనే అన్నాడు, అమ్మకపోయినా పరవాలేదండి, ఈసారి మీరొచ్చినప్పుడు ఒకసారి ఇల్లు లోపల చూస్తానండి, అని. పండక్కి రమ్మన్నాను. వీధి గుమ్మం వైపు నుంచి రమ్మని చెప్పాలా అక్కర్లేదా అని ఆలోచిస్తుండగానే ఫోన్ పెట్టేశాడు.

1904 జనవరిలో మాస్కో ఆర్ట్ థియేటర్ ఈ నాటకాన్ని మొదటిసారి ఆడింది. చెహోవ్ దీన్ని కామెడీ అన్నాడు, స్తానిస్లావ్‌స్కీ ఏడుపు నాటకంగా ఆడించాడు. మహా అయితే పన్నెండు నిమిషాల్లో అయిపోవలసిన చివరి అంకాన్ని నలభై నిమిషాలు సాగదీశారని చెహోవ్ ఒక ఉత్తరంలో విసుక్కున్నాడు. ఆ జూలైలోనే చనిపోయాడు. వీడ్కోలుకి పన్నెండు నిమిషాలే ఎందుకన్నాడో హాస్టల్లో చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. ఎంత సాగదీస్తే అంత సేపు మన గొంతే వినబడుతుంది, అవతలివాడు ఖాళీ గదిలో, ఇంటివాళ్ళెవరూ ముట్టుకోని షాంపేన్ గ్లాసులు పెట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ షాంపేను సీసా ఎనిమిది రూబుళ్ళు పెట్టి స్టేషన్లో కొనుక్కొచ్చాడు పాపం.

నేను సంక్రాంతి దాకా గడువు పెట్టుకున్నాను. చెహోవ్ లెక్కలో అదీ ఎక్కువే.